కోనసీమ నుంచి హైదరాబాదుకి చంటిపిల్లతో కారు ప్రయాణం: దారిపొడుగునా ఏడవకుండా ఎలా తీసుకెళ్ళాలి

ముక్కనుమ దాటిన దగ్గర్నుంచీ నా ఫోనుకి వచ్చే ప్రశ్న ఒకటే: "తొమ్మిది గంటలు పిల్లని కారులో ఎలా కూర్చోబెడుతున్నారండీ?" వేసవి సెలవులు అయిపోయే వారం మళ్ళీ అదే. విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, అంతా ఒకచోట రాసేస్తున్నాను. మాది అమలాపురం పక్క పల్లె, ఉండేది హైదరాబాదు. దారి నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. మా అమ్మాయికి ఏడాదిన్నర ఉన్నప్పటి నుంచి ఏడాదికి మూడుసార్లైనా ఆ దారిన తిరుగుతున్నాం. ఇప్పుడు దానికి ఐదో ఏడు. కింద రాసినవి రెండు నుంచి ఆరేళ్ళ పిల్లలకి. అంతకంటే చిన్నవాళ్ళకి ఆటలతో పెద్దగా పనిలేదు, పాలూ నిద్రా కుదిరితే చాలు.

ఇన్ని ప్రయాణాల్లో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, ఏడుపు మొదలయ్యాక తీసిన బొమ్మ ఎందుకూ పనికిరాదు. పది నిమిషాల ముందు తియ్యాలి.

ఏమేం కావాలి

- పిల్లల సీటు. దీని గురించి కింద విడిగా చెప్తాను.
- వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చునే ఒక పెద్ద మనిషి. బండి నడిపేవాళ్ళు ఒక్కరే ఉంటే కింద రాసినవాటిలో సగం కుదరవు. అప్పుడు ప్రతిసారీ బండి పక్కకి ఆపే ఏదైనా ఇవ్వాలి.
- మూతి ముడేసే గుడ్డ సంచి ఒకటి. లోపల ఏముందో పిల్లకి కనబడకూడదు.
- అందులోకి: అతికించి తీసే స్టిక్కర్లు, పలక, అట్టబొమ్మల పుస్తకం, చేతికి తొడిగే గుడ్డబొమ్మ, పాత కీచైను, పిల్లకి ఎప్పుడూ ఇవ్వని మీ పాత పర్సు. ఇందులో కొన్నవి రెండే. పాత పర్సు జిప్పులు తీస్తూ వేస్తూ మా అమ్మాయి ఏలూరు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా వచ్చేసింది.
- పాత క్యాలెండరు కాగితం, స్కెచ్ పెన్నులు, బట్టల క్లిప్పు ఒకటి.
- వాంతి కవర్లు అరడజను, తడి టిష్యూలు, పాత తువ్వాళ్ళు రెండు, రెండు జతల బట్టలు. పిల్లకే కాదు, పక్కన కూర్చునేవాళ్ళకీ ఒక జత. ఇది అందరూ మర్చిపోతారు.
- పసుపో నలుపో కాకుండా లేత రంగు కిటికీ తెర.

మైనపు రంగులు వేసవిలో వద్దు. మే నెలలో ఆపిన కారులో అరగంటకే కరిగి సీటుకి పట్టేస్తాయి, మా సీటు మీద ఆకుపచ్చ మరక ఇంకా అలాగే ఉంది. అయస్కాంతపు అక్షరాలు మూడేళ్ళు దాటినవాళ్ళకే, అవీ పెద్దవే. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికొస్తుంది. బటన్ బ్యాటరీ ఉన్న ఆటబొమ్మలు కూడా ఇంటిదగ్గరే వదిలెయ్యండి. పలక ఇస్తే బలపం మీ చేతిలో ఉంచుకోండి. సగం మంది పిల్లలు దాన్ని తినేస్తారు, మనమూ తిన్నాం.

1. ముందు సీటు సంగతి తేల్చండి

ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో వెళ్ళడం మనవైపు మామూలే. "నేను గట్టిగా పట్టుకుంటాలే" అంటారు మా అత్తగారు. అకస్మాత్తుగా బ్రేకు పడితే ఏ చేతులూ పట్టుకోలేవు, ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే మధ్యలో నలిగేది పిల్లే. పిల్ల వెనక సీట్లోనే ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టో పిల్లల సీటో లేకుండా బండి నడిపితే 1000 రూపాయల జరిమానా కూడా ఉంది.

సీటు బిగించాక చూసుకోవాల్సినవి రెండు. కారు బెల్టు దూరిన చోట సీటుని పట్టుకుని ఊపండి, అంగుళం మించి కదిలితే మళ్ళీ బిగించండి. పిల్ల భుజం మీది పట్టీని రెండు వేళ్ళతో మడతపెట్టబోండి, మడత చేతికి వస్తే వదులుగా ఉన్నట్టే. చలికాలం లావు స్వెట్టరు తొడిగి కట్టకండి. కట్టిన తర్వాత పైన దుప్పటి కప్పండి. మే నెలలో బెల్టు బకిలు ముట్టుకుంటే చురుక్కుమంటుంది, ఆపిన ప్రతిసారీ మీద తువ్వాలు కప్పి దిగండి.

ఇంకొకటి, ఇది మన ఊళ్ళకే ప్రత్యేకం. తిరుగు ప్రయాణంలో అమ్మ పెట్టే పనసకాయ, కొబ్బరికాయల గోనె, బియ్యం మూట. ఇవన్నీ డిక్కీలోనే పెట్టాలి. వెనక అద్దం కింది అర మీద పెట్టిన కొబ్బరికాయ బ్రేకు పడితే పిల్ల తల మీదికే వస్తుంది. డిక్కీ చాలకపోతే పనసకాయ వదిలెయ్యండి. అమ్మ అలుగుతుంది, అలగనివ్వండి.

వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేశారా లేదా బయల్దేరే ముందు లోపలి నుంచి తలుపు లాగి చూడండి.

2. బయల్దేరే వేళ

తెల్లారుజామున నాలుగింటికి లేపి వేసుకుపోతే పిల్ల నిద్రలో సగం దూరం లాగించెయ్యొచ్చని చాలామంది లెక్క. వేసవిలో ఆ లెక్క బాగానే ఉంటుంది. జనవరిలో మాత్రం వద్దు. కాలవలూ చెరువులూ వరిచేలూ ఉన్న డెల్టాలో ఆ నెల మంచు ఎలా దిగుతుందో మీకు తెలిసిందే. ఒక్కోరోజు ఏడున్నరకి కూడా ముందు లారీ కనబడదు. పిల్ల ఏడిస్తే ఏడ్చింది, మంచు విడిచాకే కదలండి. రాత్రి ప్రయాణంలో పిల్లతో పాటు బండి నడిపేవాళ్ళూ నిద్రకి తూగుతారు, నేను దాని జోలికి పోను.

కనుమనాడు కాకైనా కదలదంటారు. పెద్దవాళ్ళు ఎందుకన్నారో గానీ, పిల్ల ఉన్నవాళ్ళకి అది మంచి సలహా. ఆ రోజు కోనసీమలో ప్రభల తీర్థాల జనంతో ఊరి రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. పండగ అయిన వెంటనే వచ్చే ఆదివారం టోల్‌గేట్ల దగ్గర బారులు తీరతాయి. వీలుంటే ఇంకో రోజు ఆగి కదలండి.

3. బొమ్మల పట్టీ తయారుచెయ్యండి

ఈ మొత్తంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చెయ్యండి.

"ఇంకెంతసేపు?" అనే ప్రశ్నకి "ఇంకా ఆరు గంటలు" అని చెప్పి లాభం లేదు. నాలుగేళ్ళ పిల్లకి గంటంటే ఏం తెలుసు? కానీ వంతెన తెలుసు, అరటిగెల తెలుసు. పాత క్యాలెండరు కాగితాన్ని నాలుగు వేళ్ళ వెడల్పున, మూర పొడవున కత్తిరించండి. దాన్ని పది పదకొండు గళ్ళు చెయ్యండి. ఒక్కో గడిలో దారిలో వచ్చేదాని బొమ్మ గియ్యండి. గీత వంకరైనా ఫర్వాలేదు, బయల్దేరే ముందురోజు పిల్ల పక్కన కూర్చునే గియ్యాలి. మా పట్టీ ఇలా ఉంటుంది:

అమ్మమ్మ ఇల్లు. రావులపాలెం అరటిగెల. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి మీద పెద్ద వంతెన. తాడేపల్లిగూడెం దాటాక ఉంగుటూరు టోల్‌గేటు. తర్వాత నిద్రపోతున్న పాప. హనుమాన్ జంక్షన్‌కి హనుమంతుడు. బెజవాడకి కొండమీద గుడి. కోదాడ అన్నం పళ్ళెం. సూర్యాపేటకి సూర్యుడు. ఆపైన గుట్టల మీద రాళ్ళు. చివర మన ఇల్లు, బాల్కనీలో తులసికుండీ.

బట్టల క్లిప్పు మొదటి గడికి పెట్టి పట్టీని పిల్ల చేతికివ్వండి. ఒక్కో చోటు రాగానే క్లిప్పు ముందుకి జరిపే పని పిల్లదే. కిందటి సంక్రాంతికి మా అమ్మాయి క్లిప్పుని వంతెన గడిలో పెట్టి, కిందికి చూసి, "నాన్నా, నీళ్ళు అయిపోయాయి, ఇంక జరపనా?" అంది. నది దాటడం అంటే దాని లెక్కలో నీళ్ళు అయిపోవడం.

విశాఖవైపు వెళ్ళేవాళ్ళయితే జొన్నాడ దగ్గర గౌతమి వంతెన, కడియం పూలమొక్కలు గియ్యండి. ఎదుర్లంక మీదుగా కాకినాడ వెళ్తే యానాం వంతెన ఉంది. పి.గన్నవరం వైపు నుంచి వచ్చేవాళ్ళకి అక్విడెక్టు ఎటూ దొరుకుతుంది. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీదుగా కాలవ. నీళ్ళమీద నీళ్ళు ఎలా పోతున్నాయో చెప్పడానికి ఒక పావుగంట గడిచిపోతుంది.

గళ్ళు సమదూరంలో ఉండాలని లేదు గానీ, చివరి గంటన్నరలో కనీసం మూడు గళ్ళు ఉండేట్టు చూసుకోండి. ఆఖర్లోనే ఓపిక అయిపోతుంది. మొదటిసారి నేను బెజవాడ తర్వాత ఒక్క గడే పెట్టి, నకిరేకల్ దగ్గర దాని ఫలితం అనుభవించాను.

4. రోడ్డుని బట్టి ఆట మార్చండి

అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం వరకూ ఒకరకం రోడ్డు. ఒకపక్క కాలవ, మలుపులు, ఊళ్ళు, స్పీడు బ్రేకర్లు, ఎదురుగా గేదెలు. అక్కడ పుస్తకం గానీ ఫోను గానీ ఇస్తే పావుగంటలో కక్కేస్తారు. కళ్ళు కిందికి, ఒళ్ళు అటూ ఇటూ ఊగుతుంటే తల తిరగక ఏమవుతుంది? ఈ గంటా బయటికి చూసే ఆటలే.

చూసింది చెప్పే ఆట: కొంగ, బాతులు, లాకులు, అరటిగెలల వ్యాను, కొబ్బరికాయల రాశి, రొయ్యల చెరువులో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటరు. చూసినప్పుడల్లా మీ చేతిమీద ఒక స్టిక్కరు అతికించమనండి. చేయి నిండితే పిల్ల గెలిచినట్టు. ఎండాకాలం ఆడేటప్పుడు జాబితా మార్చుకోండి. అప్పుడు కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, బాతులూ పడవలూ కనబడవు, పిల్ల వెతికి వెతికి చిరాకు పడుతుంది. జనవరిలో దాళ్వా (రెండో పంట) వరినాట్లు, మే నెలలో మామిడికాయల బుట్టలు.

పొడుపుకథలు: నాలుగేళ్ళు దాటినవాళ్ళకి. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం" అంటే తేనెపట్టు. "మూడు కళ్ళుంటాయి, శివుడు కాదు, కడుపునిండా నీళ్ళుంటాయి, కుండ కాదు" అంటే కొబ్బరికాయ. తెలిసిన జవాబే పదిసార్లు అడగమంటారు. అడగండి, మీకు విసుగు గానీ వాళ్ళకి కాదు.

గొలుసుకథ: రాజుగారి ఏడు చేపల కథ అందరికీ వచ్చు కదా. చేప ఎందుకు ఎండలేదు అన్నదగ్గర మీరు ఆగి, కారణం పిల్లని చెప్పమనండి. మా ఇంట్లో ఆ చేప టోల్‌గేటు తెరుచుకోక ఎండలేదు.

హైవే ఎక్కి బండి కుదురుగా పోతున్నాక సంచి తెరవండి. ఒకసారికి ఒకటే వస్తువు. పది పదిహేను నిమిషాలకి ఒకటి సరిపోతుంది. ఇచ్చినదానిమీద మోజు ఇంకా ఉండగానే వెనక్కి తీసుకుని సంచిలో వేసెయ్యండి, మూడు గంటల తర్వాత అదే మళ్ళీ కొత్తదిగా పనికొస్తుంది. కిందపడే బొమ్మలకి రిబ్బను కట్టి సీటుకి ముడేయొచ్చు, కానీ రిబ్బను జానెడు దాటకూడదు. పొడుగైతే మెడకి చుట్టుకుంటుంది. పడిపోయినదాన్ని డ్రైవరు వెనక్కి వంగి తియ్యడమన్న మాటే వద్దు.

5. కొబ్బరాకు బూర, ఆగినచోట మాత్రమే

బయల్దేరే ముందు తాతయ్యని అడిగి పచ్చి కొబ్బరాకులు నాలుగు తెచ్చి తడి తువ్వాల్లో చుట్టుకోండి. ఈనె తీసేసి, ఆకు సన్న కొస దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా చుట్టండి, ఒక్కో చుట్టు ముందుదాని మీదికి సగం ఎక్కాలి. చివరికొచ్చేసరికి గన్నేరుపువ్వులా వెడల్పవుతుంది. ఊళ్ళో అయితే ఈనె ముక్క గుచ్చి ఆపుతాం. పిల్లకి గుచ్చుకుంటుంది, రబ్బరు బ్యాండు వెయ్యండి. సన్నమూతిని పళ్ళతో కొంచెం నొక్కి ఊదితే బూర పలుకుతుంది. పలక్కపోతే చుట్లు వదులయ్యాయని అర్థం, విప్పి బిగువుగా చుట్టండి.

నడుస్తున్న బండిలో నోట్లో బూర ఉండకూడదు, గతుకు తగిలితే అంగిట్లో పొడుచుకుంటుంది. అందుకే మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది: కారు ఆగితేనే బూర. అప్పటినుంచి ఆగినప్పుడు దిగనని మొండికెయ్యడం మానేసింది.

6. ఆగడం

రెండు గంటలకి మించి లాగకండి. పిల్ల కుదురుగానే ఉంది కదా, ఇంకో యాభై కిలోమీటర్లు పోదాం అనిపిస్తుంది. అదే పెద్ద పొరపాటు. కుదురుగా ఉన్నప్పుడు ఆపితే మళ్ళీ కుదురుగా ఎక్కుతుంది. ఏడుస్తుంటే ఆపితే, ఏడిస్తే కారు ఆగుతుందని నేర్చుకుంటుంది.

ఆగినచోట పిల్లని హోటలు కుర్చీలో కూర్చోబెట్టకండి. ఇప్పటిదాకా కూర్చునే కదా వచ్చింది! పావుగంట పరిగెత్తనివ్వండి, చెయ్యి పట్టుకుని, రోడ్డుకి దూరంగా. కాలవగట్టు మీద, చెరువుగట్టు మీద మాత్రం వదలొద్దు. అడిగినా అడక్కపోయినా ఒంటేలుకి తీసుకెళ్ళండి. ఒక్క నిమిషం పనే అని పిల్లని కారులో ఉంచి తాళం వేసి ఎవరూ దిగకండి, కిటికీ కొంచెం దించినా సరే. ఎండలో కారు లోపల వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది.

7. తిండి

తిండి కూడా ఒక ఆటే, కానీ ఎంచుకుని పెట్టాలి. చిన్న ఇడ్లీలు, పెరుగన్నం, అరటిపండు, మరమరాలు బాగుంటాయి. మరమరాలు ఒక్కొక్కటీ ఏరుకు తినమంటే ఇరవై నిమిషాలు. బయల్దేరే ముందు గ్లాసుడు పాలు తాగిస్తే రావులపాలెం లోపల మీ మీదే తిరిగొస్తాయి.

వేరుశనగ గుళ్ళు, గట్టి చెగోడీలు, గుండ్రటి ద్రాక్షపళ్ళు, పిప్పరమెంటు బిళ్ళలు నడిచే కారులో ఐదేళ్ళలోపు పిల్లలకి పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు చేస్తే ఫర్వాలేదు. వెనక సీట్లో ఉన్నవాళ్ళు చూస్తుండగానే తినాలి, నిద్రమత్తులో ఏదీ వద్దు.

ఆత్రేయపురం పూతరేకులు కారులో విప్పకండి. రేకు పొడీ పంచదారా ఏసీ గాలికి ఎగిరి సీటు సందుల్లోకి పోతుంది, వారం రోజులు చీమలు. తాపేశ్వరం కాజా గురించి చెప్పనే అక్కర్లేదు, పాకం బెల్టు బకిలులోకి కారితే బకిలు ఊడి రాదు. మాకు జరిగింది, వేడినీళ్ళతో గంటసేపు కడిగాం.

8. ఫోను ఎప్పుడు

పూర్తిగా వద్దని నేను చెప్పను, నేనూ ఇస్తాను. బెజవాడ దాటాకే ఇస్తాను. మొదట్లోనే ఇస్తే ఆ తర్వాత సంచిలో ఏది తీసినా చూడరు. రెండేళ్ళలోపువాళ్ళకి అసలు వద్దని, ఐదేళ్ళవరకూ రోజు మొత్తానికి గంట దాటొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఆ గంటని రెండు మూడు ముక్కలు చెయ్యండి. వీడియోలు ఇంటిదగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి, దారిలో సిగ్నల్ పోతే వచ్చే ఏడుపు ఫోను లేనప్పటి ఏడుపుకంటే పెద్దది. చేతిలో పట్టుకుని కిందికి చూడకుండా, ముందు సీటు వెనక కళ్ళ ఎత్తులో గట్టిగా బిగించే స్టాండు ఉంటే తల తిరగడం తగ్గుతుంది.

వాంతికి ముందు కనబడే గుర్తులు

అల్లరి చేస్తున్న పిల్ల ఉన్నట్టుండి ఊరుకుంటే "అమ్మయ్య" అనుకోకండి. మొహం పాలిపోవడం, ఆవులింతలు, మాటిమాటికీ ఉమ్ము మింగడం, నుదుటన చెమట, వీటిలో రెండు కనబడితే కవరు చేతిలోకి తీసుకోండి. ఆట ఆపెయ్యండి, కిటికీ కొంచెం దించండి, ముందు అద్దంలోంచి దూరంగా కనబడే లారీనో చెట్టునో చూడమనండి. కుదిరితే బండి ఆపండి. నిమ్మకాయ వాసన కొందరికి పనిచేస్తుంది, మా అమ్మాయికి చెయ్యదు. వాంతి మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి, పెద్దవాళ్ళ బిళ్ళ సగం విరిచి కాదు. అగరుబత్తి వాసనొచ్చే కారు పెర్ఫ్యూము ఉంటే ముందు దాన్ని తీసి పారెయ్యండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

అసలు ప్రయాణానికి వారం ముందు ఒక గంట తిరిగి చూడండి. ఊళ్ళో ఉంటే అమలాపురం నుంచి రావులపాలెం వెళ్ళొస్తే చాలు. సీటు కదిలిందా, ఏ బొమ్మ రెండు నిమిషాలకే విసిరేసింది, ఎండ ఏ పక్క నుంచి కళ్ళలో పడింది, అన్నీ ఆ గంటలో తెలిసిపోతాయి. విసిరేసిన బొమ్మని సంచిలోంచి తీసెయ్యండి.

ప్రయాణం రోజున దారి మధ్యలో సంచి విప్పి చూడండి. బెజవాడ వచ్చేసరికి ఒక్కసారీ బయటికి తియ్యనివి మూడైనా మిగిలి ఉంటే మీరు బాగా నడిపినట్టు. అన్నీ అయిపోయి ఉంటే తొందరపడి తీశారు. వచ్చేసారి ఒక్కో వస్తువుకి ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. నిద్ర కూడా లెక్కే: మధ్యాహ్నం ఇంట్లో పడుకునే వేళకి కారులోనూ పడుకుందంటే ఆగడాలు సరిగ్గా పడ్డాయి. తింటూ ఆడుతూ నిద్రవేళ దాటించేస్తే సూర్యాపేట తర్వాత ఎవరూ ఆపలేరు.

ఇల్లు చేరాక బొమ్మల పట్టీని పారెయ్యకండి. మళ్ళీ ఊరికి వచ్చేటప్పుడు అదే పట్టీని అటునుంచి ఇటు తిప్పి, క్లిప్పుని తులసికుండీ గడికి పెట్టి ఇవ్వండి.